స్ట్రీట్ గ్లైడ్‌కి స్టేజ్ 1 ఎయిర్ క్లీనర్: ఇంట్లో బిగించుకోవచ్చా, ట్యూన్ తప్పదా?

మియాపూర్_టూరర్:

బండి 2015 హార్లే-డేవిడ్సన్ స్ట్రీట్ గ్లైడ్ స్పెషల్, ఇంజన్ ట్విన్ క్యామ్ 103. సైలెన్సర్లు స్లిప్-ఆన్ (బయట కొని తొడిగినవి), హెడర్ పైపు (ఇంజన్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చే పొగ గొట్టం) మాత్రం కంపెనీదే. ఈసీఎంలో (ఇంజన్ కంప్యూటర్‌లో) ఇప్పటిదాకా ఎవరూ వేలు పెట్టలేదు. స్టాక్ ఎయిర్ క్లీనర్ తీసేసి స్టేజ్ 1 కిట్ (గాలి ఎక్కువ పోనిచ్చే ఓపెన్ ఫిల్టర్, దాని ప్లేటు) వేద్దామనుకుంటున్నా. వాడకం ఎక్కువగా మియాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, మధ్యమధ్యలో శ్రీశైలం, హంపి లాంటి లాంగ్ రైడ్లు.

వర్క్‌షాప్‌కి ఇవ్వకుండా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే బిగించుకోవచ్చా? ఏ టూల్స్ కావాలి? నూనె పూసే కాటన్ ఫిల్టర్ మంచిదా, నీళ్లతో ఉతుక్కునే సింథటిక్ మంచిదా? ట్యూన్ (ఈసీఎంలో పెట్రోలు లెక్క మార్చడం) లేకుండా కొన్నాళ్లు నడపొచ్చా? ఒక మెకానిక్ "ఆక్సిజన్ సెన్సర్లు ఉన్నాయి కదా, బండే సర్దుకుంటుంది" అంటాడు. ఇంకొకాయన "పిస్టన్ కాలిపోతుంది" అంటాడు. రెండూ నమ్మబుద్ధి కావట్లేదు. ఇంకోటి, ఓపెన్ ఫిల్టర్ పెట్టిన బండ్లకి కవర్ కింద నుంచి ఆయిల్ చుక్కలు కారి కుడికాలు ప్యాంటు పాడవుతుందని విన్నా. అది కిట్ తప్పా, బిగించినవాళ్ల తప్పా?

టార్క్_రెంచ్:

బిగించుకోవచ్చు. తొందరపడకుండా చేస్తే ఒక పూట పని. మొత్తం వ్యవహారం అయిదు చోట్ల ఉంది: థ్రాటిల్ బాడీకి (ఇంజన్‌లోకి గాలి పోయే నోటికి) మూడు స్క్రూలు, రెండు సిలిండర్ హెడ్లకు చెరొక బ్రీదర్ బోల్టు (ఇంజన్ ఆవిరి బయటికొచ్చే బోల్టు). తేడా కొడితే ఆ బ్రీదర్ బోల్టుల దగ్గరే కొడుతుంది కాబట్టి వాటి గురించే ఎక్కువ రాస్తున్నా.

ముందు టూల్స్. ఈ పనిలో తగిలే బోల్టులన్నీ ఇంచుల లెక్క. ఇంట్లో ఉన్న మిల్లీమీటర్ అలెన్ కీ "దాదాపు పట్టింది కదా" అని తిప్పితే బోల్టు తల లోపల గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత అది ఊడదు. ఇంచ్ అలెన్ సెట్, ఇంచ్ సాకెట్లు, టీ27 టార్క్స్ బిట్, బ్లూ లాక్‌టైట్ 243 (బోల్టు వదులవకుండా పట్టే జిగురు), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు), టార్క్ రెంచ్‌లు (ఎంత బలంతో బిగించామో చూపించేవి) రెండు. ఒక రెంచ్‌తో సరిపెట్టుకోవద్దు. థ్రాటిల్ బాడీ స్క్రూలకు కావాల్సింది అయిదారు న్యూటన్ మీటర్లు, బ్రీదర్ బోల్టులకు 30 పైన. పెద్ద రెంచ్ దాని స్కేల్ అట్టడుగున చూపించే అంకెను నమ్మడానికి లేదు. ఇంచ్ సరుకు రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి, బోల్టులైతే "యూఎన్‌సీ థ్రెడ్" అని స్పష్టంగా చెప్పండి.

ఎందుకంటే, బ్రీదర్ బోల్టు థ్రెడ్ అర ఇంచు, ఇంచుకు 13 చుట్లు. అంటే 12.7 మిల్లీమీటర్ల వ్యాసం. షాపులో ఎం12 బోల్టు చేతిలో పెడతారు. వ్యాసం కాస్త తక్కువ కాబట్టి వదులుగా నాలుగు చుట్లు పోతుంది కూడా, కానీ దాని చుట్ల మధ్య దూరం వేరు. అక్కడి నుంచి రెంచ్ వేస్తే హెడ్‌లోని అల్యూమినియం థ్రెడ్ మొత్తం పొడిగా రాలుతుంది. తర్వాత హెలికాయిల్ (కొత్త థ్రెడ్ ఇచ్చే తీగ చుట్ట) వేయించడం తప్ప దారి లేదు. పైగా బ్రీదర్ బోల్టు మామూలు బోల్టు కాదు, మధ్యలో బోలుగా ఉంటుంది, ఇంజన్ ఆవిరి దాంట్లోంచే బయటికి రావాలి. గట్టి బోల్టు పెడితే ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి కిట్‌లో వచ్చిన బోల్టులు పోగొట్టుకోకండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. ఎడమ సైడ్ కవర్ తీసి మెయిన్ ఫ్యూజ్ లాగేయండి. ఎయిర్ క్లీనర్ కవర్ బోల్టు విప్పండి. లోపల ఫిల్టర్‌కి టీ27 స్క్రూలు మూడు ఉంటాయి. ఫిల్టర్ వెనక రెండు బ్రీదర్ గొట్టాలు తగిలి ఉంటాయి, ఫిల్టర్‌ని గుంజకుండా ముందు వాటిని మెల్లగా తిప్పి ఊడదీయండి. తర్వాత బ్రీదర్ బోల్టులు. ఫ్యాక్టరీ లాక్‌టైట్ ఉంటుంది కాబట్టి మొదటి తిప్పు గట్టిగానే ఉంటుంది. సాకెట్ పూర్తిగా కూర్చుందో లేదో చూసుకుని ఒకే ఊపున కాకుండా మెల్లగా బలం పెంచండి. వెనక ప్లేటు ఊడి చేతికొస్తుంది.

ప్లేటు ఊడగానే థ్రాటిల్ బాడీ నోరు తెరుచుకుని ఉంటుంది. వెంటనే శుభ్రమైన పోగులూడని గుడ్డతో మూయండి. మెకానిక్‌ల దగ్గర దొరికే కాటన్ వేస్ట్ కుక్కకండి, దారప్పోగులు లోపలికి పోతాయి. వాషర్ ఒకటి లోపల పడిందంటే ఆ పూట పని అక్కడితో ఆగిపోయినట్టే, మ్యానిఫోల్డ్ (థ్రాటిల్ బాడీ నుంచి హెడ్లకు గాలి తీసుకెళ్లే గొట్టం) విప్పి వెతకాలి. పాత గ్యాస్కెట్ ముక్కలు ప్లాస్టిక్ గరిటెతో గీకండి, ఇనుప బ్లేడు వద్దు. హెడ్ మీద బ్రీదర్ రంధ్రాల చుట్టూ ఉన్న ముఖం, లోపలి థ్రెడ్ రెండూ తుడవండి. పాత లాక్‌టైట్ పొడి మిగిలి ఉంటే కొత్త బోల్టు మధ్యలోనే బిగుసుకుని టార్క్ వచ్చేసినట్టు అబద్ధం చెబుతుంది.

ఇక కొత్త ప్లేటు. కొత్త గ్యాస్కెట్, కొత్త ఓ-రింగులు వేయండి. బాగున్నాయి కదా అని పాతవి మళ్లీ వాడకండి. ఓ-రింగుకు చిటికెడు ఇంజన్ ఆయిల్ రాస్తే గాడిలోంచి జారదు, బిగించేటప్పుడు చిట్లదు. ఇప్పుడు అయిదింటినీ చేత్తోనే, రెంచ్ లేకుండా, నాలుగైదు చుట్లు పట్టించండి. ఒకదాన్ని బిగించేసి రెండోదానికి రంధ్రం కలవట్లేదని లివర్ వేసి లాగే పని పెట్టుకోవద్దు.

థ్రాటిల్ బాడీ స్క్రూలు మూడూ ముందు బిగించండి, ఒక్కోదానికి ఒక్క చుక్క లాక్‌టైట్. ఆ తర్వాత ఆగి, ప్లేటు చెవికీ హెడ్‌కీ మధ్య సందు ఉందేమో ఫీలర్ గేజ్ పెట్టి చూడండి. ముందు హెడ్ దగ్గర ఒకలా, వెనక హెడ్ దగ్గర ఒకలా ఉండొచ్చు. సందు ఉంటే కిట్‌తో వచ్చిన పలచటి షిమ్ వాషర్లతో నింపాలి, పలచటి గేజ్ కూడా దూరనంతగా. ఈ ఒక్క పని ఎగ్గొట్టడం వల్లే సగం గొడవలు. సందు ఉండగానే బ్రీదర్ బోల్టు బిగిస్తే హెడ్ కదలదు కదా, ప్లేటే వంగుతుంది, ప్లేటుతోపాటు థ్రాటిల్ బాడీ, దాని వెనక మ్యానిఫోల్డ్ ఒక పక్కకు లాగబడతాయి. మ్యానిఫోల్డ్‌కీ హెడ్‌కీ మధ్య రబ్బరు సీళ్లు మెలిపడి అక్కడి నుంచి గాలి పీలుస్తుంది. పదేళ్ల బండి, సీళ్లు ఎండకు గట్టిపడి ఉంటాయి, తట్టుకోవు.

షిమ్ వేశాక బ్రీదర్ బోల్టులు. ట్విన్ క్యామ్‌కు సాధారణంగా 22 నుంచి 24 ఫుట్-పౌండ్లు, అంటే 30 నుంచి 33 న్యూటన్ మీటర్లు. మీ కిట్ కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి, వాళ్ల బోల్టు వాళ్లది. కాగితంలో ఇంచ్-పౌండ్, ఫుట్-పౌండ్ రెండూ కనిపిస్తాయి, కళ్లు పెట్టుకుని చదవండి. 55 ఇంచ్-పౌండ్లంటే 6 న్యూటన్ మీటర్ల పైచిలుకు. దాన్నే 55 ఫుట్-పౌండ్లుగా చదివితే 75 దగ్గరికి పోతుంది, బోల్టు తల అక్కడే తెగుతుంది. బ్రీదర్ బోల్టుకు లాక్‌టైట్ థ్రెడ్ మధ్య భాగంలో మాత్రమే, కొసన వేస్తే బోలు రంధ్రంలోకి పోయి గడ్డకడుతుంది. టెఫ్లాన్ టేపు అసలు చుట్టకండి, తునకలు తెగి గాలితోపాటు ఇంజన్‌లోకి పోతాయి.

మూయడానికి ముందు గుడ్డ తీశారా లేదా చూసుకోండి. నవ్వొద్దు, చాలామంది మరిచిపోయేది అదే. ఫిల్టర్, కవర్ బిగించాక హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, కూర్చుని కుడి మోకాలు ఎక్కడ తగులుతుందో చూడండి. గుండ్రటి డిజైన్లకు పెద్ద ఇబ్బంది లేదు. హెవీ బ్రీదర్ తరహా కోన్ ఫిల్టర్ అయితే ముందుకు పొడుచుకొచ్చి కాలికి అడ్డం, వానకు ఎదురు.

గచ్చిబౌలి_ధూళి:

ఫిల్టర్ ముచ్చట నేను చెప్త అన్నా. కంపెనీ పేరు జూసి కొనుడు తర్వాత, ముందుగాల నీ రోడ్డు జూసుకో. నార్సింగి, కోకాపేట దిక్కు పోయే బండికి తగిలేది ఉత్త మట్టి గాదు, కాంక్రీటు పొడి. సన్నగుంటది, గరుకుగుంటది, సిలిండర్ గోడకు ఉప్పుకాగితం లెక్క పనిజేస్తది.

నూనె పూసే కాటన్ ఫిల్టర్ల దుమ్మును పట్టేది బట్ట ఒక్కటే గాదు, దాని మీది నూనె. నూనె ఎండిపోయిందంటే సన్న దుమ్ము సక్కగ లోపలికి పోతది. ఎక్కువ పూసినా కష్టమే, గాలికి దారి తగ్గుతది, మిగిలిన నూనె కారి ప్లేటు అడుగున జేరి "బ్రీదర్ లీకు" అని మనల్ని పరేషాన్ జేస్తది. నూనె ఎక్కువైతే ఎంఏఎఫ్ సెన్సర్ (లోపలికి పోయే గాలిని కొలిచేది) పాడైతది అని కార్లోళ్లు చెప్తుంటరు. మన బండిల ఆ సెన్సరే లేదు, ఈసీఎం మ్యానిఫోల్డ్ ప్రెషర్, ఆర్‌పీఎం, గాలి వేడి జూసి లెక్క కడ్తది. ఆ భయం వద్దు.

కడిగేటప్పుడు దాని క్లీనరే వాడు. పెట్రోల్ల ముంచకు, మడతలను పట్టుకున్న రబ్బరు అంచు ఉబ్బుతది. లోపలి దిక్కు నుంచి బయటికి నీళ్లు పొయ్యి, నల్లా నీళ్లే, ప్రెషర్ గన్ వద్దు. నీడకు ఆరబెట్టు. తొందరైతుందని కంప్రెసర్ గాలి కొట్టకు, బట్ట పోగులు జరిగి సందులు పడ్తయి, కండ్లకు గూడ కానరావు. పూర్తిగ ఆరినంకనే నూనె, మడత మడతకు ఒక్క గీత. ఇరవై నిమిషాలాగి తెల్లగ మిగిలిన కాడ మాత్రమే ఇంకొంచెం.

సింథటిక్‌ది అయితే ఈ తిప్పలు లేవు. సబ్బు నీళ్లు, ఆరబెట్టుడు, అయిపాయె. సిటీల తిరిగేటోనికి నేనైతే సింథటిక్కే చెప్త. అశ్రద్ధ జేసినా నూనె ఎండిపోయే బాధ లేదు గదా. కాటన్‌ది లాంగ్ రైడ్లు మాత్రమే కొట్టేటోనికి, ఇంట్ల ఓపికున్నోనికి. మాన్యువల్ల ప్రతి 8,000 కిలోమీటర్లకు ఫిల్టర్ చూడమని ఉంటది. మన రోడ్లకు అండ్ల సగానికే కవర్ విప్పి జూడు. ఫిల్టర్ కింది సగం నల్లగ పేస్టు లెక్క ఉంటది, అది బ్రీదర్ల నుంచి వచ్చే నూనె ఆవిరి, దుమ్ము కలిసిన పేస్టు. పై సగం తెల్లగున్నది అని మళ్ల మూసిపెట్టకు.

వానకాలం రెయిన్ సాక్ కొనుక్కో, సీటు కింద పెట్టుకో. నీళ్లను ఆపే పలచటి బట్ట, ఫిల్టర్ మీద తొడుగుడే. ఎండకాలం గూడ దాన్ని అట్లనే ఉంచకు, దుమ్ము పట్టి గాలి ఆగుతది. ఫిల్టర్ ఒకసారి తడిస్తే ఇంజన్ పాడుకాదు, కాటన్‌ది అయితే నూనె కొట్టుకపోతది, ఆరినంక మళ్ల పూయాలె. అసలు ప్రమాదం సర్వీసింగ్ సెంటర్ల బండి కడిగేటోని గన్‌తోని. ఫిల్టర్‌కు పాలిథిన్ కవర్ కట్టి ఇయ్యి, స్టార్ట్ జేసే ముందు దాన్ని విప్పుడు మర్చిపోకు. నీళ్లు నిల్చిన అండర్‌పాస్‌లకెల్లి పక్కన బస్సు పోతుంటే బండి దించకు. దాని అల ఫిల్టర్ ఎత్తుకు వస్తది, సిలిండర్ల నీళ్లు పడ్డయంటే కనెక్టింగ్ రాడ్ వంగుతది.

ల్యాంబ్డా_ఒకటి:

ట్యూన్ సంగతి. మీ మెకానిక్‌లు ఇద్దరూ సగం సగం నిజం చెబుతున్నారు.

హెడర్ పైపుల్లో ఉన్న రెండు ఆక్సిజన్ సెన్సర్లు న్యారోబ్యాండ్ రకం. గాలి, పెట్రోలు మిశ్రమం సరిగ్గా మండే పాయింట్‌కి ఇటుందా అటుందా అన్నది మాత్రమే చెప్పగలవు, ఎంత దూరంలో ఉందో చెప్పలేవు. నిలకడగా ఒకే స్పీడులో పోతున్నప్పుడు ఈసీఎం వాటి మాట వింటుంది, గాలి పెరిగితే పెట్రోలు పెంచుకుంటుంది. దాన్ని క్లోజ్డ్ లూప్ అంటారు. అక్కడ "బండే సర్దుకుంటుంది" అన్న మాట నిజమే. థ్రాటిల్ గట్టిగా తిప్పినప్పుడు, ఇంజన్ ఇంకా వేడెక్కనప్పుడు సెన్సర్ల మాట పక్కన పెట్టి, తన దగ్గరున్న టేబుల్ ప్రకారం పెట్రోలు పోస్తుంది. ఆ టేబుల్ రాసింది స్టాక్ ఫిల్టర్, స్టాక్ సైలెన్సర్‌కి. మీ బండికి స్లిప్-ఆన్లు ఇప్పటికే ఉన్నాయి, ఫిల్టర్ కూడా తెరిస్తే లోపలికొచ్చే గాలి టేబుల్ అనుకున్నదానికంటే ఎక్కువ. క్లోజ్డ్ లూప్‌లో నేర్చుకున్న దిద్దుబాటు కొంత ఇటు కూడా వస్తుంది, కానీ దానికో హద్దు ఉంది.

దీనికి ఇప్పుడు ఇంకోటి కలిసింది, బంకుల్లో వచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు). ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. స్వచ్ఛమైన పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ10కి 14.1 దగ్గర, ఈ20కి 13.5 దగ్గర. అంటే టేబుల్ ప్రకారం అంతే పెట్రోలు పోస్తే ఈ20తో మిశ్రమం ఇంకా పలచబడుతుంది. మీ బండి మాన్యువల్ ఇథనాల్ 10 శాతం దాకానే ఒప్పుకుంటుంది. ఫిల్టర్, సైలెన్సర్, ఈ20 మూడూ ఒకే దిక్కుకు లాగుతున్నాయి. అందుకే ఒకప్పుడు "ఫిల్టర్ ఒక్కటే మారిస్తే ట్యూన్ అక్కర్లేదు" అన్న మాట ఇప్పుడు అంత ధైర్యంగా అనలేను. పిస్టన్ రేపే కాలిపోదు. థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్లో పటపట, 2,500 ఆర్‌పీఎం దగ్గర థ్రాటిల్ తిప్పగానే ఒక క్షణం తడబాటు, ఏప్రిల్, మే ట్రాఫిక్‌లో తొడలు కాలే వేడి, ఇవి మాత్రం వస్తాయి. కిట్ వేశాక ట్యూనర్ (ఈసీఎంలో పెట్రోలు టేబుల్ మార్చే పరికరం) రావడానికి కొన్నాళ్లు పడితే మెల్లగా నడుపుకోండి. హైవే మీద ఫుల్ థ్రాటిల్, పిలియన్, లగేజీతో ఘాట్ ఎక్కడం అప్పటిదాకా వాయిదా వేయండి.

ట్యూనర్ కొనేటప్పుడు కనెక్టర్ చూడండి. 2014 నుంచి టూరింగ్ బండ్లకు డయాగ్నొస్టిక్ కనెక్టర్ ఆరు పిన్నులది, ఎడమ సైడ్ కవర్ వెనకాల ఉంటుంది. అంతకుముందు నాలుగు పిన్నులు. పాతదాని కోసం తయారైన పరికరం దీనికి పట్టదు. డైనోజెట్ పవర్ విజన్ అయినా, వ్యాన్స్ అండ్ హైన్స్ ఫ్యూయెల్‌పాక్ ఎఫ్‌పీ3 అయినా ఒక బండికి ఒకసారి లాక్ అవుతాయి. సెకండ్ హ్యాండ్‌లో చవకగా వచ్చిందని కొంటే అది ఇంకొకరి ఈసీఎంకి కట్టేసి ఉండొచ్చు, మీకు పనికిరాదు.

మొదట స్టాక్ మ్యాప్ (ఈసీఎంలో ఉన్న పెట్రోలు టేబుల్) దాచుకోండి. మ్యాప్ ఎంచుకునేటప్పుడు 103 ఇంజన్, ఓపెన్ ఫిల్టర్, స్లిప్-ఆన్, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న స్టాక్ హెడర్, ఈ నాలుగూ కలిసేది తీసుకోండి. క్యాట్ తీసేసిన హెడర్ మ్యాప్ వేస్తే వేరే బండికి కుట్టిన చొక్కా తొడిగినట్టే. ఫ్లాష్ చేసే (కొత్త మ్యాప్ ఎక్కించే) ముందు రాత్రి బ్యాటరీ ఛార్జింగ్ పెట్టండి. మధ్యలో వోల్టేజీ పడి ఆగిపోతే ఈసీఎం మొరాయిస్తుంది. ఫోన్‌తో ఫ్లాష్ చేస్తుంటే ఆ కాసేపు కాల్స్ రాకుండా ఏరోప్లేన్ మోడ్ పెట్టి బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేసుకోండి.

ఆటోట్యూన్‌కి (నడుపుతుండగా ట్యూనరే టేబుల్ దిద్దుకోవడానికి) ఇంజన్ బాగా వేడెక్కాక, అన్ని గేర్లలో, రకరకాల థ్రాటిల్‌తో నడపాలి. ఆరో గేర్లో 80 మీద గంటసేపు పోతే టేబుల్‌లో అవే నాలుగు గళ్లు నిండుతాయి. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు కాబట్టి తెల్లవారుజామున శంషాబాద్ దాటాక బెంగళూరు హైవే గానీ శ్రీశైలం రోడ్డు గానీ చూసుకోండి. గుర్తుంచుకోండి, స్టాక్ న్యారోబ్యాండ్ సెన్సర్లతో చేసే ఆటోట్యూన్ క్లోజ్డ్ లూప్ భాగాన్నే దిద్దుతుంది. ఫుల్ థ్రాటిల్ భాగం సరిచేయాలంటే మిశ్రమం ఎంత దూరంలో ఉందో కూడా చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్ కావాలి, లేదా డైనో (బండిని రోలర్ల మీద నడిపి కొలిచే యంత్రం).

మియాపూర్_టూరర్:

అందరికీ థ్యాంక్స్. సింథటిక్ ఫిల్టర్ ఉన్న కిట్ తెప్పించి బిగించాను. షిమ్ వెనక హెడ్‌కి ఒకటి పట్టింది, ముందుదానికి అక్కర్లేదు. ట్యూనర్ ఇంకా రాలేదు. ఇప్పుడు రెండు అనుమానాలు. ఐడిల్‌లో కుడివైపు నుంచి బుస్సుమని శబ్దం వస్తోంది, ఇంతకుముందు లేదు. లాంగ్ రైడ్ తర్వాత కవర్ అడుగున ఒక ఆయిల్ చుక్క వేలాడుతోంది. ఆయిల్ మొన్ననే సర్వీసింగ్‌లో మార్చారు, డిప్‌స్టిక్ మీద ఫుల్ గీత దాటి కొద్దిగా పైనే ఉంది. ఇంకోటి, సిగ్నల్ దగ్గర బాగా వేడెక్కినప్పుడు ఒక సిలిండరే కొడుతున్నట్టు అనిపిస్తోంది.

టార్క్_రెంచ్:

బుస్సు శబ్దం చాలావరకు మామూలే, స్టాక్ డబ్బా మూతలో ఇంతకాలం దాగి ఉన్న శబ్దం ఇప్పుడు వినపడుతోంది. మామూలుదో కాదో తేల్చడానికి ఐడిల్ చూడండి. ఇంజన్ వేడెక్కాక వెయ్యి ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉందా, పైకీ కిందకీ ఊగుతోందా? ఊగుతుంటే స్ప్రే బాటిల్‌లో మంచినీళ్లు పోసి, సన్నటి తుంపరగా, మ్యానిఫోల్డ్ రెండు హెడ్లను కలిసే చోట ఒక్కోసారి ఒక్కోవైపు కొట్టండి. నీళ్లు పడగానే ఇంజన్ శబ్దం మారితే సీలు దగ్గర గాలి పీలుస్తోంది. కార్బ్యురేటర్ క్లీనర్‌తో ఈ పరీక్ష చేయమని చెప్పేవాళ్లుంటారు. వేడి హెడర్ పైపుకి జానెడు దూరంలో ఆ పని వద్దు, మండుతుంది.

లీకు తేలితే బ్రీదర్ బోల్టులు వదులు చేసి, షిమ్ మళ్లీ కొలవండి. ఆ తర్వాతా పోకపోతే మ్యానిఫోల్డ్ ఫ్లాంజ్ బోల్టులు వదులు చేసి, థ్రాటిల్ బాడీని దాని సహజమైన చోట కూర్చోనిచ్చి, కొత్త సీళ్లతో మళ్లీ బిగించాలి. బాల్ ఎండ్ ఉన్న పొడుగు అలెన్ కీ లేకపోతే ఆ బోల్టులు అందవు. ఇది మాత్రం వర్క్‌షాప్‌లో చేయించుకున్నా తప్పులేదు.

ఒక సిలిండర్ సంగతి ఎయిర్ క్లీనర్‌ది కాదు. ఇంజన్ బాగా వేడెక్కి, బండి ఆగి ఐడిల్‌లో ఉంటే వెనక సిలిండర్‌కి పెట్రోలు ఆపేసే ఏర్పాటు ఈ బండ్లలో ఉంది, రైడర్ కాలికి వేడి తగ్గించడానికి. బండి కదలగానే రెండూ కొడతాయి. హైదరాబాద్ ఎండలో దాన్ని ఆన్‌లోనే ఉంచండి.

వీ_ట్విన్_సికింద్రాబాద్:

చుక్క గురించి. ఆయిల్ "ఫుల్ గీత దాటి" ఉందన్నారు కదా, సగం జవాబు అక్కడే ఉంది.

ఈ ఇంజన్లో రెండు పిస్టన్లూ ఒకే క్రాంక్ పిన్‌కి తగిలి ఉంటాయి, మధ్య కోణం 45 డిగ్రీలే. కాబట్టి రెండూ దాదాపు కలిసే దిగుతాయి, కలిసే లేస్తాయి. 1690 సీసీ ఇంజన్‌లో అవి దిగిన ప్రతిసారీ కింద ఉన్న గాలి అంతా ఎక్కడికో పోవాలి. రాకర్ బాక్స్‌లోని గొడుగు ఆకారపు రబ్బరు వాల్వ్ దాటి, హెడ్‌లోని సొరంగం గుండా, మీరు బిగించిన బోలు బోల్టులోంచి ఎయిర్ క్లీనర్ లోపలికి వస్తుంది, ఇంజన్ మళ్లీ పీల్చుకుంటుంది. ఆ గాలితోపాటు ఆయిల్ తుంపర రావడం సహజం. స్టాక్ ఎయిర్ క్లీనర్లో కూడా వస్తుంది, అక్కడ ఫిల్టర్, డబ్బా తాగేస్తాయి కాబట్టి కనపడదు.

ఆయిల్ ఎక్కువ పోస్తే తుంపర పెరుగుతుంది. సర్వీసింగ్‌లో డబ్బాలు లెక్కపెట్టి పోసేస్తారు, డ్రెయిన్ చేసినా లోపల మిగిలే పాతది లెక్కలోకి రాదు. బండి బాగా నడిపి వేడెక్కాక, చదునైన చోట సైడ్ స్టాండ్ మీద పెట్టి, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి, డిప్‌స్టిక్ పూర్తిగా మరబిగించి తీసి చూడండి. చల్లగా ఉన్నప్పటి కొలత నమ్మొద్దు. ఫుల్ గీతకీ కింది గీతకీ మధ్యలో ఉంటే చాలు. ఎక్కువుంటే పొడుగు గొట్టం పెట్టిన సిరంజితో ఫిల్లర్ రంధ్రంలోంచి కొంచెం కొంచెంగా లాగేయండి, డ్రెయిన్ ప్లగ్ విప్పక్కర్లేదు. చాలా బండ్లలో చుక్క ఇక్కడితో ఆగుతుంది.

ఆగకపోతే చుక్క ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ఫిల్టర్ కింది అంచు తడిసి కారుతుంటే అది బ్రీదర్ ఆవిరి. ప్లేటుకీ హెడ్‌కీ మధ్య నుంచి సిలిండర్ రెక్కల మీదికి దిగుతుంటే ఓ-రింగు సరిగ్గా కూర్చోలేదు, లేదా బోల్టు టార్క్ తక్కువైంది. మొత్తం తుడిచి, ఆ చుట్టూ టాల్కం పౌడర్ చల్లి ఒక రౌండు వేసి రండి, తడి గీత దారి చూపిస్తుంది. ఆయిల్ మట్టం సరిగ్గా ఉండి, బోల్టు సరిగ్గా ఉండి, అయినా బాగా కారుతుంటే రాకర్ బాక్స్‌లోని ఆ రబ్బరు వాల్వ్ గట్టిపడిందన్నమాట.

రెండు పనులు మాత్రం చేయొద్దు. చుక్క ఆగాలని బ్రీదర్ రంధ్రం మూసేయొద్దు, లోపల ఒత్తిడి పెరిగి రాకర్ కవర్ గ్యాస్కెట్లు కారడం మొదలవుతుంది. గొట్టం తగిలించి బండి కిందకి వదిలేయొద్దు, ఆయిల్ వెనక టైరు మీద పడుతుంది. క్యాచ్ క్యాన్ (ఆ ఆయిల్ పట్టుకునే చిన్న డబ్బా) పెట్టాలనుకుంటే అందులో జల్లెడ ఉన్నది పెట్టి, తిరుగు గొట్టం మళ్లీ ఎయిర్ క్లీనర్‌లోకే తేవాలి, వారానికోసారి ఖాళీ చేయాలి. వానకాలంలో అందులో ఆయిల్ కంటే తెల్లటి నురగే ఎక్కువ కనిపిస్తుంది. అది ఆవిరి నీళ్లు, దగ్గర దగ్గర తిరుగుళ్ల వల్ల వస్తుంది, హెడ్ గ్యాస్కెట్ పోయిందని కంగారు పడక్కర్లేదు.

నల్లకుంట_ఫైల్స్:

ఎవరూ అడగలేదు గానీ, చట్టం సంగతి ఒక ముక్క. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. 2019 సవరణ తర్వాత 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రోడ్డు మీద ఆపేది మీ ఎయిర్ క్లీనర్ చూసి కాదు, స్లిప్-ఆన్ల మోత విని. అయినా స్టాక్ ప్లేటు, బోల్టులు, గొట్టాలు అన్నీ ఒకే డబ్బాలో లేబుల్ వేసి దాచండి. అమ్మేటప్పుడు కొనేవాడు అడిగేది అవే. ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పి పెట్టుకోండి.

ల్యాంబ్డా_ఒకటి:

ట్యూనర్ వచ్చేలోపు ఇంజన్ లైటు వెలిగితే కంగారుగా ఫిల్టర్ విప్పకండి. కోడ్ చూడండి. పీ0131 వస్తే ముందు సిలిండర్ సెన్సర్, పీ0151 వస్తే వెనకది, రెండూ "పలచటి మిశ్రమం" వైపు ఫిర్యాదు. ఒక్క వెనకదే వస్తుంటే మొదట వెనక సిలిండర్ హెడర్ గ్యాస్కెట్ దగ్గర లీకు, వెనక హెడ్ వైపు మ్యానిఫోల్డ్ సీలు చూడండి, ఎందుకంటే ఫిల్టర్ వల్ల పలచబడితే రెండు సిలిండర్లూ ఒకేసారి పలచబడాలి. మీ బండిలో షిమ్ పడింది వెనక హెడ్‌కే కాబట్టి నీళ్ల తుంపర పరీక్ష కూడా అటు నుంచే మొదలుపెట్టండి.